ఇంటి ఆట

నెబ్రాస్కా, వెల్బీ కాలేజీ ఆటల ఆఫీసు. నవంబరు శనివారం, ఉదయం పది గంటలు. వెర్నా కోలార్ చేతిలో ఫోను. అవతల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ లైల్.

"...గేటుకి తాళం, వెర్నా గారూ. తాళం. రండి అన్నవాడు లేడు, కూర్చోండి అన్నవాడు లేడు. మూడున్నర గంటలు బస్సులో నడుములు విరగ్గొట్టుకుని వస్తే ఇదా మర్యాద? మైదానంలో గీతలు కూడా గియ్యలేదు. గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. నాలుగు కాలేజీలు కలిసి ఆడుకునే కాన్ఫరెన్స్ ఏదీ మనకి లేదని లోకువ. ఒంటరి జట్టంటే అందరికీ లోకువే."

"ఆగు లైల్. ఏ గేటు?"

"ఏ గేటేంటండీ, ఆల్డర్‌విల్ కాలేజీ గేటు. వాళ్ళ మైదానం ముందే ఉన్నాం. నలభై మూడు మంది పిల్లలు, నేను, డ్రైవరు గస్."

"ఎక్కడున్నారు?"

"చెప్పాను కదండీ, ఆల్డర్‌విల్‌లో."

"పిల్లలంతా?"

"అంతా. ఒకడు బస్సులో నిద్రపోతున్నాడు, మిగతావాళ్ళు గేటెక్కి చూస్తున్నారు. మీరు వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి కాస్త గట్టిగా నాలుగు మాటలు..."

"ఉండు, కూర్చోనీ నన్ను. కుర్చీ ఎక్కడుంది... ఆ. నాయనా లైల్, ఇవాళ ఇంటి ఆట."

"అవును, ఇంటి ఆటే. వాళ్ళింట్లో ఆట."

"మనింట్లో. ఇక్కడ. వెల్బీలో. ఇంటి ఆటంటే మనింటి ఆట."

"...కాదు."

"కాదేంటి? నూట యాభై కొలాచీ బన్నులు చేయించి పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున ఆరింటికి బేకరీలో ఉన్నాను. మీరు ఇంకా పడుకుని ఉంటారు, పిల్లలకి నిద్ర మంచిదిలే అనుకున్నాను."

"వెర్నా గారూ, మనకి ఇంటి ఆట ఎక్కడుంది? ఆరేళ్ళ నుంచి మనింటికొచ్చి ఎవడాడాడు?"

"ఇవాళ ఆడతారు. అందుకే కదయ్యా నేను ఆరేళ్ళు ఈ ఫోను పట్టుకుని కూర్చుంది. ఆగస్టులో వాళ్ళ మైదానం కింద నీళ్ళ పైపు పగిలింది. ఈ ఏడు మేం వస్తాం, వచ్చే ఏడు మీరు రండి అన్నారు. నీకు చెప్పానా లేదా?"

"ఆల్డర్‌విల్ ఆట మారిందన్నారు. తేదీ మారిందనుకున్నాను."

"నీ తలుపుకి చీటీ అంటించాను."

"ఏ చీటీ?"

"పసుపు చీటీ. 'ఇంటి ఆట' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను."

"అది మీరా? ఇంటికి పోయి ఆడుకో అని ఎవరో వేళాకోళం చేశారనుకున్నాను."

"కాన్ఫరెన్స్ కమిషనర్ వస్తాడని కూడా చెప్పాను."

"చెప్పారు. వస్తాడన్నారు. ఎక్కడికో చెప్పలేదు."

"వస్తాడంటే ఇక్కడికి. అక్కడికైతే వెళ్తాడు అంటాను కదా. వస్తాడికీ వెళ్తాడికీ తేడా తెలీదా నీకు?"

"ఎలా తెలుస్తుందండీ? ఆరేళ్ళుగా శనివారం వచ్చిందంటే నేనుండేది అక్కడే. లేచాను, బస్సెక్కాను. పిల్లలూ ఎక్కారు. ఒక్కడు కూడా ఏమీ అనలేదు."

"ఒక్కడూ?"

"టేవన్ అడిగాడు. కోచ్, మన మైదానంలో కొత్తగా తెల్ల గీతలు గీశారేంటి అని. సాకర్ అమ్మాయిలకి అని చెప్పాను."

"ఆ గీతలు నేను గీయించాను లైల్. రెండు రోజులు పట్టింది."

"బాగున్నాయండి. బస్సులోంచి చూశాం... వెర్నా గారూ? ఏడుస్తున్నారా?"

"నవ్వుతున్నాను. ఏమో, ఏదో ఒకటి. ముందు ఇది చెప్పు. నెలాఖరుకి ఏముంది?"

"ట్రస్టీల మీటింగు."

"ఏమన్నారు వాళ్ళు?"

"కాన్ఫరెన్స్‌లో చోటు దొరికితే జట్టు ఉంటుంది. దొరక్కపోతే వెల్బీలో ఫుట్‌బాల్ బంద్."

"ఆ కాన్ఫరెన్స్‌లో ఆల్డర్‌విల్‌తో కలిపి తొమ్మిది కాలేజీలు. తొమ్మిదీ నిర్ణయం ఎవరి చేతిలో పెట్టాయి?"

"కమిషనర్ చేతిలో."

"ఆయన ఇవాళ దేనికి వస్తున్నాడు?"

"ఇంటి ఆట పెట్టడం మనకి చేతనవుతుందో లేదో చూడ్డానికి... వస్తున్నాడు. అక్కడికి వస్తున్నాడు. ఇప్పుడర్థమైంది."

"అన్నీ పెట్టాం. గీతలు పెట్టాం, బ్యాండు పెట్టాం, తిండి పెట్టాం. ఇంట్లో మనమే లేం."

"ఆట ఒంటిగంటకి. ఇప్పుడు బయల్దేరితే ఒంటిగంటన్నరకి దిగుతాం. అరగంట ఆగమంటే ఆగరా?"

"మనం అడక్కూడదు. ఇంటివాళ్ళు వేళకి మైదానంలో లేకపోతే ఓడినట్టే లెక్క. ఆలస్యం చెయ్యమని అడిగే హక్కు వచ్చినవాళ్ళకే ఉంది. రూలు."

"వాళ్ళెందుకు అడుగుతారు?"

"నేను అడిగిస్తాను."

"ఎలా?"

"నాకేం తెలుసు? ముందు బస్సు తిప్పు."

"పిల్లలకి ఏం చెప్పను?"

"ఉన్నదే చెప్పు."

"నవ్వుతారండీ."

"నవ్వనీ, మెలకువగా ఉంటారు. పెట్టేస్తున్నా. ఎవరో కారు దిగుతున్నాడు. కోటు, టై, చేతిలో చిన్న పుస్తకం. ఆయనే. గస్‌ని తొక్కమను."

*

మైదానం పక్కన వెర్నా, కమిషనర్ ప్రాథర్. బ్యాండు వాయిస్తోంది.

"మీరేనా వెర్నా కోలార్ గారు? ఆరేళ్ళుగా నాకు నెలనెలా ఉత్తరం రాసేది?"

"నెలనెలా ఏంటండీ ప్రాథర్ గారూ, కొన్ని నెలలు రెండేసి రాశాను."

"మా ఆఫీసులో మీకు వేరే ఫైలుంది. అందులో ఒక ఉత్తరం తొమ్మిది కాలేజీలకీ చదివి వినిపించాను. 'మీరు తొమ్మిది జట్లు, జతలు కట్టాక ప్రతి శనివారం ఒక జట్టు ఖాళీగా మిగిలిపోతుంది. మాకు ఏడాదంతా జతంటూ లేదు. ఆ మిగిలినవాళ్ళకి మమ్మల్ని జత చెయ్యండి' అని."

"గుర్తుందండీ. జ్వరంలో రాశాను."

"బాగా రాశారు. ఇంతకీ మీ పిల్లలేరీ?"

"పిల్లలా? ఉన్నారండీ."

"ఎక్కడ?"

"దగ్గరపడుతున్నారు."

"దగ్గరపడడమేంటి?"

"అంటే... ఆటకి. మనసులో దగ్గరపడుతున్నారు."

"లాకర్ రూములో అలికిడే లేదు."

"చాలా నెమ్మదస్తులండీ మా పిల్లలు."

"నలభై మందా?"

"నలభై మూడు. కొలాచీ తీసుకోండి. ఇది గసగసాలది, అది ఆప్రికాట్‌ది. గసగసాలది ముందు తినండి. మరి మీ ఆల్డర్‌విల్ పిల్లలు కనపడరేం?"

"బయల్దేరారు."

"ఎప్పుడండీ?"

"తెల్లవారకుండానే."

"మూడున్నర గంటల దారే కదా. పదిన్నర కావస్తోంది."

"దారిలో ఆగి ఉంటారు. పొలాలు చూస్తూ. మీ వైపు పొలాలు చాలా బాగుంటాయట."

"నవంబరులో పొలాల్లో ఏముంటుందండీ?"

"మోళ్ళుంటాయి. మోళ్ళు కూడా బాగుంటాయి."

"ఇంకోటి తీసుకోండి."

"ఇస్తారా? ఇవ్వండి. మీ బ్యాండు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట వాయిస్తోందే?"

"ఏడుగురే కదండీ, ఒకటే నేర్చుకున్నారు. మిగతా పాటల అవసరం ఎప్పుడూ రాలేదు... అయ్యో, ఫోను. ఒక్క నిమిషం... ఆ, చెల్లీ, చెప్పవే. ఎంతవరకు వచ్చావు? ... అంతేనా? కాస్త తొందరగా రావే. ... ఏం పాడుతున్నారు? సరే పాడనీ. ... చెల్లీ అనే అంటానే, నోర్మూసుకో, పక్కన పెద్దవాళ్ళున్నారు. ... ఆ. ఉంటాను."

"ఎవరూ?"

"మా చెల్లెలండీ. ఆట చూడ్డానికి వస్తోంది."

"గొంతు ఇక్కడిదాకా వినపడింది. కాస్త మోటుగా ఉంది."

"జలుబండీ. చిన్నప్పట్నుంచీ."

"అబ్బో, చాలా పాత జలుబే... అదిగో, ఇప్పుడు నాది మోగుతోంది. ఏమీ అనుకోకండి... హలో. ఆ బంగారం, చెప్పు. ... ఎక్కడ? ఏ వెల్బీ? ... కాన్సస్ వెల్బీనా? అది కాదమ్మా, నెబ్రాస్కా వెల్బీ. ... ఫోను దారి చూపించిందా? ఫోనుకేం తెలుసు, ఆరేళ్ళుగా ఇటు ఎవరూ రాలేదుగా. ... ధాన్యం గాదె తప్ప ఏమీ లేదా? ఉండదు మరి. ... ఆ గాదె వాణ్ణి అడిగి ఉత్తరానికి తిప్పు. తిప్పమను. సరే బంగారం, జాగ్రత్త."

"ఎవరండీ?"

"మా ఆవిడ."

"పాపం. పక్క రాష్ట్రం కాన్సస్ దాకా వెళ్ళారా?"

"బజారుకెళ్ళింది."

"కాన్సస్‌కా?"

"అక్కడ దుప్పట్లు బాగుంటాయట."

"ఉంటాయండీ. నేనూ విన్నాను."

"వెర్నా గారూ, మీకు చలెయ్యట్లేదూ?"

"వేస్తోందండీ. చాలా వేస్తోంది. ఒంటిగంటకి ఇంకా ఎక్కువవుతుంది. రెండు దాటితే కాస్త ఎండ తగులుతుంది."

"అవునా?"

"ఎండంటే, ఎండలాంటిది. మీ పిల్లలు దూరాన్నించి వస్తున్నారు. అతిథులు అడిగితే మేం కాదనం."

"అడిగితే మీరేమీ అనుకోరు కదా?"

"అడగండి."

"అడిగానండి."

"ఇచ్చామండి."

"రెండింటికి సరిపోతుందంటారా? మూడు..."

"మూడూ మంచిదే."

"మరీ మూడంటే బాగోదేమో."

"రెండున్నర."

"రెండున్నర. వెర్నా గారూ, మీరు చాలా మంచివారు."

"మీరూనండీ. ఈ ఆప్రికాట్‌ది కూడా తినండి."

*

పన్నెండు గంటలు. వెర్నా మెట్ల వెనక నిలబడి ఫోనులో.

"వెర్నా గారూ, ఇక్కడో విడ్డూరం."

"బస్సు చెడిపోయిందని చెప్పకు. ఆ మాట మాత్రం చెప్పకు."

"కాదండీ, బస్సు బానే ఉంది. ఇంకా నూరు మైళ్ళు ఉందనగా పెట్రోలు బంకులో ఆపాం. ఒకటే బాత్రూం. పిల్లలు లైన్లో నిలబడ్డారు. ఎవరన్నా తప్పిపోతారేమోనని లెక్కపెట్టాను. నలభై మూడు మంది ఉండాలా?"

"ఉండాలి. ఎంతమంది తగ్గారు?"

"తగ్గలేదు. తొంభై మంది ఉన్నారు."

"తొంభై?"

"సగం ఎర్ర చొక్కాలు."

"ఆల్డర్‌విల్ వాళ్ళది ఎరుపు."

"అదే కదా నేననేది. వాళ్ళ కోచ్ కాఫీ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. గడ్డం ఆయన. అన్నా, వెల్బీకి దారెటు అనడిగాడు."

"నువ్వేమన్నావు?"

"మేమూ అటే అన్నాను."

"దేవుడా. నువ్వెవరో తెలిసిందా?"

"చొక్కా మీద ఇంత అక్షరాలతో రాసుంది కదండీ. చదివాడు. మొహంలోకి చూశాడు. మళ్ళీ చదివాడు. మీ మైదానంలో ఆట పెట్టుకుని మీరు ఇక్కడేం చేస్తున్నారు అనడిగాడు."

"లైల్, నిజం చెప్పలేదు కదా?"

"చెబుదామనే నోరు తెరిచాను. ఏదో వచ్చేసింది. మీకు ఎదురొచ్చాం అన్నాను."

"ఎదురొచ్చారా?"

"మా ఊరికి దారి ఎవరికీ తెలీదు, మీరు ఇబ్బంది పడతారని ఎదురొచ్చాం, ఇంటికి తీసుకెళ్దామని, అన్నాను. వాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి వెర్నా గారూ."

"ఊరుకో."

"ఒట్టు. పొద్దున్నుంచీ కాన్సస్ చూసి ఉన్నాడు కదా. కావలించుకున్నాడు. కాఫీ నా మీద పోశాడు. వెంటనే ఫోన్ తీసి ఎవరికో చెప్పేశాడు కూడా."

"ఎవరికో నాకు తెలుసు. ఇక్కడ ఒకాయన బంగారం, బంగారం అంటూ గోల్ పోస్టు చుట్టూ తిరుగుతున్నాడు."

"ఎవరు బంగారం?"

"తర్వాత చెప్తాను. పిల్లలేం చేస్తున్నారు?"

"అదే తెలీట్లేదు. కలిసిపోయారు. టేవన్ వాళ్ళ బస్సులో ముందు సీట్లో కూర్చుని దారి చెప్తానంటున్నాడు. మన బస్సులో పదిమంది ఎర్ర చొక్కాలు ఎక్కేశారు. మన పాట నేర్చుకుంటున్నారు."

"ఆటకి ముందు విడదీయి. లెక్కపెట్టి మరీ విడదీయి."

"అలాగే."

"లైల్."

"చెప్పండి."

"ఖాళీ తేదీ ఉందా, ఖాళీ తేదీ ఉందా అని ఎన్ని కాలేజీలని అడిగానో నాకే గుర్తులేదు. ఉంటే మీరే రండి అనేవారు. ఒక్కరూ వస్తాం అనలేదు. ఆరేళ్ళ తర్వాత మనింటికి బస్సొస్తోందయ్యా."

"రెండొస్తున్నాయండీ."

*

రెండు కావస్తోంది. గేటు దగ్గర.

"వెర్నా గారూ, ఇంక నేను దాచలేను. పొద్దున ఫోన్ చేసింది మా ఆవిడ కాదు."

"అయ్యో."

"మా ఆవిడకి గడ్డం లేదు. అది ఆల్డర్‌విల్ కోచ్. దారి తప్పి కాన్సస్ పోయారు. ఒంటరి జట్లని నమ్మలేం, వాళ్ళకి పద్ధతీ పాడూ ఉండదు అని మా తొమ్మిది కాలేజీల్లో ఒకరిద్దరు అంటూనే ఉన్నారు. తీరా చూస్తే మా వాళ్ళే తప్పిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"పోనిద్దురూ. దారిలో మా వాళ్ళు కలిశారుగా."

"కలిశారు. నూరు మైళ్ళు ఎదురెళ్ళారట. మా వాళ్ళలో ఒకరింటికి ఒకరు వెళ్తే గేటు దాకా ఎదురొచ్చే దిక్కులేదు."

"మా పద్ధతండీ అది."

"ఎప్పట్నుంచి?"

"చాలా... చాలాకాలంగా."

"ఆరేళ్ళుగా మీ ఇంటికి ఎవరూ రాలేదన్నారు. ఎవరికి ఎదురెళ్ళేవారు?"

"అందుకే కాస్త కొత్తగా కనిపిస్తుందండీ. వాడలేదుగా."

"ఓహో."

"ప్రాథర్ గారూ, ఆ పుస్తకంలో ఏం రాశారు?"

"చదవమంటారా?"

"వద్దు. చదవండి. వద్దు... చదవండి."

"మైదానం. గీతలు తిన్నగా ఉన్నాయి. తిండి. కమిషనర్ తొమ్మిది కొలాచీలు తిన్నాడు. బ్యాండు. ఏడుగురు, నాలుగు గంటలు, ఒకటే పాట, అలిసిపోలేదు. ఇంటి జట్టు..."

"ఇంటి జట్టు?"

"అది ఖాళీగా వదిలాను. పొద్దున నేను కారులో వస్తుంటే ఒక ఫోనొచ్చింది. ఆల్డర్‌విల్ మైదానం చూసుకునే ముసలాయన, ఎదురింట్లోనే ఉంటాడు. అయ్యా, ఎవరో ఊదా చొక్కాల పిల్లలు మన గేటెక్కుతున్నారు, పోలీసుల్ని పిలవమంటారా అనడిగాడు."

"పోలీసులా? మీరేమన్నారు?"

"వద్దులే, వాళ్ళే దిగి వెళ్ళిపోతారు అన్నాను."

"అంటే మీకు... పొద్దున్నుంచీ..."

"మీ చెల్లెలు మాట్లాడుతుంటే నవ్వాపుకోలేక ఆ కొలాచీ నోట్లో కుక్కుకున్నానండీ. గసగసాలు ముక్కులోకి పోయాయి."

"ప్రాథర్ గారూ, తప్పు నాది. చీటీ మీద 'మన మైదానం' అని రాయాల్సింది. ఆ కోచ్‌ని ఏమీ అనకండి, వాడు మంచివాడు. ఆరేళ్ళు ప్రతివారం ఎవరింటికో వెళ్ళి వెళ్ళి, సొంతిల్లొకటి ఉందని మర్చిపోయాడు. పిల్లలకైతే అసలు తెలీనే తెలీదు. వాళ్ళ చదువులు ఇక్కడే మొదలై ఇక్కడే అయిపోతాయి, సొంత ఊళ్ళో ఒక్క ఆట ఆడకుండా. మీరు కాదంటే ఇదే చివరి ఏడాది. కాదనేదుంటే ఆట అయ్యాక చెప్పండి. ఈ ఒక్క ఆట ఆడుకోనివ్వండి."

"అయ్యో, ఏడవకండి. ఇదిగో రుమాలు. దీనికి గసగసాలు అంటుకున్నాయి, చూసుకుని తుడుచుకోండి."

"అదిగో... అదిగోనండీ. వస్తున్నాయి. రెండూ వస్తున్నాయి. ముందు మనదే."

"ఆ మొదటి బస్సు కిటికీల్లోంచి ఎర్ర చొక్కాలు చేతులూపుతున్నాయేంటి?"

"కలిసిపోయారండీ. విడదీస్తారు."

"విడదియ్యకపోయినా ఫర్వాలేదు. మీ దగ్గర కలం ఉందా?"

"ఉంది."

"రాసుకోండి. వచ్చే ఏడు, సెప్టెంబరు రెండో శనివారం. కాన్ఫరెన్స్ తొలి ఆట. పదో జట్టు, వెల్బీ."

"...ఎక్కడండీ?"

"ఇంటి ఆట. ఆ రోజు మాత్రం కాస్త ఇంట్లో ఉండండి."